మౌసమ్ బాగుంది, కెమెరా బయటికి తీయండి

మన హైదరాబాదులో ఎవరైనా ఆకాశం వైపు చూసి "క్యా మౌసమ్ హై మియా!" అన్నారంటే ఎండ బాగా కాస్తోందని కాదు, మబ్బు పట్టిందని అర్థం. సూరీడు మొహం చాటేస్తే మనకు ఖుషీ. మిర్చి బజ్జీల బండి దగ్గర గుంపు పెరుగుతుంది. ఇరానీ హోటల్లో కుర్చీ దొరకదు. ఎండకు భయపడి ఇంట్లో కూచున్న ముసలివాళ్ళు కూడా గల్లీ చివరిదాకా నడిచి వస్తారు. మౌసమ్ మీద ఇంత మొహబ్బత్ ఉన్న మనం చేతిలోకి కెమెరా రాగానే మాత్రం మాట మార్చేస్తాం. "ఆజ్ లైట్ నహీఁ హై భాయ్" అని బ్యాగు జిప్పు మూసేస్తాం.

లైట్ లేకపోవడం ఏమిటి? పట్టపగలు పదిగంటలకు లైట్ లేదా? ఉంది. సూర్యుడి నుంచి నేరుగా రావడం లేదు, అంతే. ఎండలో వెలుతురు ఒక్క చోటు నుంచి సూదిలా వస్తుంది. తగిలిన చోట తెల్లగా కాల్చేస్తుంది, తగలని చోట నల్లగా ముంచేస్తుంది. మబ్బు పట్టిన రోజు మొత్తం ఆకాశమే దీపం. మన షాదీల్లో ఫొటోలు తీసేవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మధ్యాహ్నం వలీమాలో దుల్హన్‌ను ఎండలో నిలబెట్టరు, తెల్ల షామియానా కిందికి తీసుకెళ్తారు. ముక్కు కింద నీడ పడదు, నగలు కళ్ళు చెదిరేలా మెరవవు, మొహం మొహంలా కనిపిస్తుంది. మబ్బు కూడా షామియానాయే. కిరాయి కట్టనక్కర్లేదు.

ఇక మన వసంతం సంగతి. పుస్తకాల్లో వసంతం చైత్ర వైశాఖాలు. హైదరాబాదులో మాత్రం ఫిబ్రవరి మూడో వారం నుంచే మొదలైపోతుంది, ఉగాది నాటికి ఎండలు దంచేస్తుంటాయి. మార్చిలో పొద్దున ఎనిమిదిన్నర దాటితే ఎండలో తీసిన ఫొటో చూడబుద్ధి కాదు. ఆకులు తెల్లగా మెరుస్తాయి, పువ్వుల ఎరుపు పాలిపోతుంది. అంటే ఎండనే నమ్ముకున్నవాడికి రోజంతటికీ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మిగులుతుంది. మబ్బును నమ్ముకున్నవాడికి మధ్యాహ్నం కూడా పనికొస్తుంది. పైగా కొన్నేళ్ళుగా రంజాన్ నెల వసంతంలోనే వస్తోంది. 2025లో అయితే ఉగాది మార్చి 30న, మర్నాడే ఈద్. రోజా ఉన్నవాడు గొంతు ఎండబెట్టుకుని లెన్సు మోస్తూ ఎండలో తిరగలేడు. సహరీ అయ్యి, ఫజర్ నమాజ్ చదువుకుని, మబ్బు ఉందో లేదో తలెత్తి చూసి బయల్దేరవచ్చు.

ఇంత ఖుషీగా రాస్తున్నా గానీ ఈ మబ్బుకు ఇంకో మొహం ఉంది, అది మరచిపోకూడదు. మార్చి, ఏప్రిల్‌లలో బంగాళాఖాతం నుంచి తేమ గాలి లోపలికి వచ్చి, ఇక్కడి వేడిని తాకి లేచిన మబ్బులివి. సాయంత్రానికి గాలివాన అవుతాయి, ఒక్కోసారి వడగళ్ళు అవుతాయి. 2023 మార్చి మధ్యలో వికారాబాద్, జహీరాబాద్ వైపు పొలాల్లో వడగళ్ళు కుప్పలు పడ్డాయి. నేను "వాహ్, క్యా బాదల్ హై" అనుకునే అదే పొద్దున మామిడితోట రైతు పిందెల కోసం దువా చేస్తూ ఉంటాడు. ఆ సంగతి తెలిసే తీయాలి.

పరిందాల దగ్గరికి వద్దాం. కోయిల మగది కటిక నలుపు, కన్ను ఎర్రగా మండుతూ ఉంటుంది. దాన్ని ఎండలో తీయండి, ఆకుల మధ్య నల్లటి బొక్క ఒకటి వస్తుంది, దాని మీద రెండు తెల్ల మరకలు. మబ్బులో తీయండి, ఈక ఈకా లెక్కపెట్టవచ్చు. నలుపులో నీలం, ఆకుపచ్చ ఛాయలు ఉన్నాయని అప్పుడే తెలుస్తుంది. తెల్లకొంగది దీనికి ఉల్టా. ఎండలో అది కాగితం ముక్క, మబ్బులో రెక్క మడత కూడా కనిపిస్తుంది. నలుపు తెలుపు రెండూ ఒక్క ఒంటి మీదే ఉన్న కృష్ణజింక మగదానికైతే మబ్బు కంటే మంచి దోస్తు లేదు. వాన కడిగిన మోదుగ పువ్వు గురించి ఏం చెప్పను? తడిసిన రంగు మీద ఎండ తళుకు లేకపోతే ఆ నారింజ ఎరుపు లోపలి నుంచి వెలిగినట్టు ఉంటుంది.

అన్నిటికీ మబ్బే మంచిదని అంటే అది అబద్ధం. మార్చిలో మగ తేనెపిట్ట జోడీ కట్టే రంగులో ఉంటుంది, ఊదా, నీలం తళతళలాడుతూ. ఆ తళుకు ఈకలోని సన్నటి పొరల మీద వెలుతురు ఒక దిక్కు నుంచి పడి తిరిగొస్తే పుట్టేది. మబ్బులో అది బొగ్గుముక్క. దానికి ఎండే కావాలి, ఒప్పుకుంటాను. రెండో ముష్కిల్, తెల్లగా పాలిపోయిన ఆకాశం. కొమ్మ చివర కూచున్న పిట్ట వెనక ఉత్త ఆకాశం ఉంటే కెమెరా ఆ తెలుపును చూసి హడలిపోయి పిట్టను చీకటి చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర పైకి జరపండి. అంతకంటే మంచిది మీరు రెండడుగులు పక్కకు జరగడం, పిట్ట వెనక చెట్టో గోడో వచ్చేటట్టు. ఐఎస్ఓ 1600 పెట్టడానికి భయపడొద్దు. గరుకు వస్తే రానీయండి, కదిలి మసకబారిన ఫొటో కంటే గరుకు ఫొటో నయం. కూచున్న పిట్టకు 1/250 చాలు, ఎగిరేదానికి 1/1000 అయినా కావాలి. దృశ్యం తీసేటప్పుడు తెల్ల ఆకాశాన్ని ఫ్రేములో తగ్గించండి. మబ్బుల్లో పొరలు, ఒరలు, వాన చార ఉంటే మాత్రం దిల్ ఖోల్ కే ఉంచండి. ఇవి తెలిస్తే చాలు. మిగతాదంతా సబర్. లక్షల రూపాయల లెన్సు లేదని కూచునేవాళ్ళకు నా దగ్గర జవాబు లేదు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఎక్కడ తీయాలో. మన షహర్‌లో పిట్టల ఫొటోలు తీసేవాళ్ళందరి కార్లూ పడమటికే పోతాయి. అమీన్‌పూర్ చెరువు, గండిపేట, అనంతగిరి. తూర్పున ఎవరూ ఆగరు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ అంటే కోచింగ్ సెంటర్ల హోర్డింగులు, చీరల దుకాణాలు, విజయవాడ బస్సులు, ఫ్లైఓవర్లు. ఇక్కడ వసంతమా అని నవ్వుతారు. దిల్‌సుఖ్ అంటే దిల్‌కు సుఖం, సరూర్ అంటే మత్తెక్కించే ఆనందం. పక్కపక్కన ఉన్న దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ రెండు పేర్లలోనూ ఖుషీ ఉంది, ఫొటోల్లో మాత్రం ఎక్కడా లేదు.

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద పొద్దున నిలబడితే నీటికాకులు తడి రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. మబ్బు రోజు నీళ్ళ మీద ఎండ పెంకులు ఉండవు గనుక గట్టున గుడ్డికొంగ, దాని నీడ, రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. లకుముకి పిట్ట తీగ మీద కూచుంటుంది, కొమ్మ మీద కాదు. తీగ మీదే తీయండి. వెనక అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు కూడా వస్తాయి, రానీయండి. ఈ చెరువు కుతుబ్‌షాహీల కాలంనాటిది, 1626లో తవ్వారంటారు. 2020 అక్టోబర్‌లో వానలు కొట్టినప్పుడు దీని చుట్టూ కాలనీలు మునిగి పడవల్లో మనుషుల్ని దాటించారు. చెరువును అటూ ఇటూ నొక్కేస్తే అది ఒకరోజు ఇళ్ళలోకి వస్తుంది. నాచు పట్టిన మూల, పిట్ట నిలబడ్డ ప్లాస్టిక్ డబ్బా ఫ్రేములోంచి కత్తిరించేస్తే ఆ చెరువు కథలో సగం పోయినట్టే.

ఎల్.బి. నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం షికార్ ఆడిన నేల, దాదాపు 3600 ఎకరాలు. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం పేరున 1975లో రక్షిత వనం చేశారు. 'మహావీర్ హరిణ వనస్థలి' అన్న పేరు అలా వచ్చింది. అటువైపు ఆటోనగర్‌లో లారీల సమ్మెటలు, ఇటువైపు గడ్డిలో కృష్ణజింకలు. నెమలి కూత, తీతువు అరుపు, లారీ హారన్ మూడూ కలిసి వినిపిస్తాయి. గడ్డి ఎండిపోయి గోధుమరంగులో ఉంటుంది గనుక ఎండలో అంతా ఒకే పసుపు. మబ్బులో ఆ గోధుమరంగులోనే పది ఛాయలు విడివిడిగా తెలుస్తాయి. పాలపిట్ట ముళ్ళచెట్టు మీంచి ఎగిరి రెక్క విప్పితే ఆ నీలం మబ్బులో కూడా చావదు.

అంత దూరం కూడా వద్దంటారా? మెట్రో ఎక్కండి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా ఈ లైను తెరిచారు. అందరూ ట్రాఫిక్ తప్పిందని సంతోషించారు. నాకు దొరికింది వేరే. రైలు చెట్ల తలల ఎత్తున పోతుంది. కింద నుంచి మెడ విరుచుకుని చూసే చెట్టు కొస మన కళ్ళకు ఎదురుగా వస్తుంది. చైతన్యపురి దాటాక కిటికీ వైపు చూడండి. వేప కొత్త చిగురు రాగి రంగులో, కానుగ చిగురు లేత ఆకుపచ్చలో. బురుజుల మీంచి చూసే సుల్తాన్‌ల నజారా మనకు మెట్రో టికెట్‌కే దొరుకుతోంది.

ఇప్పుడు అసలు దర్ద్. ఇంటర్నెట్‌లో 'దిల్‌సుఖ్‌నగర్' అని కొట్టి ఫొటోలు వెతికితే దుకాణాల మధ్య 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఫొటోలు వస్తాయి. బస్టాపు దగ్గర ఒకదాని వెంట ఒకటి రెండు పేలుళ్ళు. పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, టీ తాగడానికి ఆగినవాళ్ళు, ఇంటికి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చనిపోయారు. ఆ ఫొటోలు ఉండాలి, ఎవరూ చెరపకూడదు. కానీ ఒక బస్తీకి అదొక్కటే తస్వీర్ మిగలడం మాత్రం ఇన్సాఫ్ కాదు. అదీ ఒక ఫిబ్రవరి సాయంత్రమే. మోదుగలు పూసే కాలమే.

ఆ తరవాత ఇక్కడ భుజాన బ్యాగు వేసుకుని చెట్ల కింద ఆగేవాణ్ణి జనం అనుమానంగా చూడటం మొదలైంది. నేను దాన్ని తప్పు పట్టను, భయం ఊరికే పుట్టలేదు. అయితే ఆ అనుమానం అందరి మీదా ఒకేలా పడదు. ఒక కాలనీ పార్కులో గడ్డిలో పురుగులు ఏరుకుంటున్న హుద్‌హుద్‌ను తీస్తున్నాను. తల మీద తురాయి విప్పి ముడిచే పిట్ట. (తెలుగువాళ్ళకు హుద్‌హుద్ అంటే 2014లో విశాఖను కూల్చిన తుఫాను. మాకు సులేమాన్ నబీకి దూరదేశపు ఖబర్ మోసుకొచ్చిన పిట్ట. తుఫానుకు పేరు ఇచ్చింది ఈ పిట్టే.) ఒక పెద్దాయన వచ్చి ఎవరి ఇల్లు తీస్తున్నావని అడిగారు. పిట్ట అన్నాను. పేరు అడిగారు. చెప్పాను. ఆ తరవాత ఆధార్ కార్డు అడిగారు. నా ముందే జాగింగ్ చేస్తూ ఫోన్‌తో అటూ ఇటూ వీడియో తీసుకుంటూ పోయిన కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. కెమెరా స్క్రీన్ మీద పిట్టను చూపించాను. "ఇది మా పార్కులోదేనా?" అని ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోయి, నా బండి నంబర్ కూడా రాసుకున్నారు. రెండూ ఒకే మనిషి, ఒకే నిమిషం.

కాబట్టి మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఇళ్ళ కిటికీల వైపు లెన్సు తిప్పకండి, అడిగితే అదబ్‌గా చూపించండి, కానీ వెళ్ళడం మానకండి. బురఖా వేసుకున్న అమ్మాయి సరూర్‌నగర్ కట్ట మీద దుర్బీన్ పట్టుకుని నిలబడటం జనానికి అలవాటు కావాలి. ఇంట్లో పెద్దలు జాన్‌దార్ తస్వీర్ జాయిజ్ కాదంటారని కొందరు అడుగుతారు. నేను ముఫ్తీని కాను, ఆ బహస్‌లో ఉలెమా మధ్యనే రెండు అభిప్రాయాలున్నాయి. మీ దిల్ ఒప్పుకోకపోతే చెట్లు తీయండి, చెరువు తీయండి, మబ్బులు తీయండి. పరిందాలను ఊరికే చూడండి. రెక్కలు చాచి ముడిచే పక్షుల వైపు చూడలేదా అని అడగడం సూరె ముల్క్‌లోనే ఉంది.

ఇంకొక రోగం వచ్చింది. ఫోన్‌లో ఒక్క వేలితో ఆకాశం మార్చేస్తున్నారు. బూడిదరంగు మబ్బు తీసేసి నీలాకాశం, కావాలంటే సూర్యాస్తమయం, ఇంకా కావాలంటే ఇంద్రధనుస్సు. సరూర్‌నగర్ చెరువు మీద స్విట్జర్లాండ్ మబ్బులు. కింద నీడలేమో మబ్బు నీడలు, పైన ఎండ! దీన్ని సమర్థించేవాళ్ళు పాతకాలం ఉస్తాదులూ చేశారంటారు. నిజమే. 1850లలో ఫ్రెంచివాడు గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, ఆకాశాన్ని ఇంకొకదాని మీద తీసి రెండూ కలిపి ముద్రించాడు. అప్పటి గాజు పలకకు నీలం మీద మోజెక్కువ. నేలకు సరిపడా వెలుతురు ఇచ్చేసరికి ఆకాశం మాడి తెల్లబడేది. ఉన్న మబ్బు పలక మీద పడేది కాదు గనుక ఆయన ఆ తిప్పలు పడ్డాడు. మీ ఫోన్‌కు ఆ మజ్‌బూరీ లేదు. మబ్బు శుభ్రంగా పడింది, దాన్ని మీరే తుడిచేస్తున్నారు.

మన షహర్‌కు ఫొటోల వారసత్వం చిన్నది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దర్బారు ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని ఖితాబ్ ఇచ్చాడు. మహళ్ళు, షికార్లు, కోటలు, దావతులు ఆయన గాజు పలకల మీద ఉన్నాయి గనుకే ఇవాళ అవి ఎలా ఉండేవో మనకు తెలుసు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను చూడండి. మామిడి సీజన్‌లో కొత్తపేట రోడ్డు వాసనే మారిపోయేది. లారీల మీద కాకులు, కాకుల మీద గద్దలు. ఆ మార్కెట్ బాటసింగారం పోయింది, ఆ జాగాలో ఆస్పత్రి వస్తోంది. ఆస్పత్రి కావాలి, కాదనను. కానీ ఆ గద్దల ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా?

సలీం అలీ సాబ్ 1931, 32లలో హైదరాబాద్ రియాసత్ అంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. నిజాం సర్కారు ఖర్చులిచ్చింది. ఆయన బేగం తెహ్మీనా వెంట ఉండి డేరాల సంగతులు చూసుకునేవారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో అది భాగాలు భాగాలుగా అచ్చయింది. ఏ పిట్ట, ఏ ఊళ్ళో, ఏ తేదీన. ఆ కాలంలో సర్వే అంటే పిట్టను తుపాకీతో కొట్టి చర్మం భద్రపరచడం. మన చేతిలో ఇప్పుడు ఒక్క ఈక కూడా రాల్చని యంత్రం ఉంది, ఆ ముగ్గురు నలుగురి పని వందమంది చేయగలం. చేస్తున్నదేమో లైకుల కోసం ఆకాశం మార్చడం.

అంతకంటే పెద్ద గునాహ్ ఇంకొకటుంది. కోయిల కూతను ఫోన్‌లో మోగించి దాన్ని బయటికి రప్పించడం, గూటికి అడ్డంగా ఉన్న కొమ్మలు విరిచి ఫొటో తీయడం. వసంతం వాటికి జోడీ కట్టే కాలం, పిల్లల్ని పెంచే కాలం. నీ స్పీకరులో కూత విని తన ఇలాకాలోకి ఇంకో మగది వచ్చిందని అది పొద్దంతా హైరానా పడుతుంది. కొమ్మ విరిస్తే గూడు కాకి కంట్లో పడుతుంది. అలా తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా నేను చూడను, మెచ్చుకోను.

ఫొటో తీశాక కింద మూడు ముక్కలు రాసిపెట్టండి. తారీఖు, చోటు, మౌసమ్. "సరూర్‌నగర్ కట్ట, పొద్దున ఏడున్నర, మబ్బు" అని రాస్తే చాలు. పిట్ట పేరు తెలియకపోతే ఖాళీ వదిలేయండి, తెలిసినవాళ్ళు నింపుతారు. మెట్రో స్తంభం అడ్డొస్తే అడ్డు రానీయండి, తీగలు ఉంటే ఉండనీయండి.

ఈ నెలలో వెళ్ళేవాళ్ళు మోదుగ, బూరుగు చెట్ల కింద కాసేపు ఆగండి. తేనె కోసం గులాబీ గోరింకలు గుంపులుగా దిగుతాయి, ఒళ్ళు లేత గులాబీ, తల, రెక్కలు నలుపు. మధ్య ఆసియా నుంచి వచ్చిన ముసాఫిర్లు, మబ్బు వెలుతురులో ఆ గులాబీ రంగు బాగా పడుతుంది. ఏప్రిల్ ముదిరే లోపే వెళ్ళిపోతాయి.